బ్యాండు వాయించిందెవరు?

ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. ఆదివారం చాయ్ పెట్టుకుని తీరిగ్గా చదవండి.

పోయిన ఏడాది గణపతి నిమజ్జనం నాడు మేము లోయర్ పరేల్‌లో రోడ్డు పక్కన నిలబడి ఉన్నాము. మన వాళ్ల చాల్ నుంచి బయలుదేరిన మండలి ముందు బ్యాండు వాళ్లు 'షోలా జో భడకే' ఎత్తుకున్నారు. డీజే పెట్టెల మోతలో ఆ పాత పాట వినిపించేసరికి ఎక్కడెక్కడి పెద్దవాళ్లూ ముందుకొచ్చేశారు. మోకాలి నొప్పి అని పొద్దుటి నుంచి కుర్చీ దిగని మామయ్య ఒకాయన కూడా చేతులు రెండూ ఛాతీ ముందు ఆడిస్తూ, అడుగు తీసి అడుగు వేస్తూ ఊగిపోయారు. ముంబైలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ నడక ఎవరూ నేర్పక్కర్లేదు. అది భగవాన్ దాదా నడక.

మా పక్కనున్న కుర్రాడు, "తాతా, ఈ పాట ఎవరిది?" అన్నాడు. లతా మంగేష్కర్‌ది అన్నారొకరు. కాదు, భగవాన్ దాదాది అన్నారు ఇంకొకరు. మేము మా తెలివి చూపించుకుంటూ సి. రామచంద్రది అన్నాము. కుర్రాడు ఫోనులో అసలు పాట పెట్టి కాసేపు విని, "అవునుగానీ, ఈ బ్యాండు వాయించిందెవరు?" అని అడిగాడు. మాలో ఒక్కరికీ తెలియదు. డెబ్బై ఏళ్లుగా ఆ పాటకు ఆడుతున్నాం, ఆ ప్రశ్న మాకెప్పుడూ తట్టలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు దీని వెంట పడ్డాము. తెలిసినదంతా మీ ముందు పెడుతున్నాము. ఇందులో మన వాళ్ల ప్రస్తావన కూడా అక్కడక్కడ వస్తుంది, అదీ మేము ఊహించని చోట్ల.

ముందు భగవాన్ దాదా సంగతి. ఆయన అసలు పేరు భగవాన్ ఆభాజీ పాలవ్. మిల్లు కార్మికుడి కొడుకు. మన తాతలు ఏ మిల్లుల్లో సాంచాల దగ్గర నిలబడ్డారో అలాంటి మిల్లు కూలి మీదే పెరిగినవాడు. చిన్న బడ్జెట్ ఫైటింగు సినిమాలు తీసి పేరు తెచ్చుకుని, 1951లో సొంత డబ్బుతో, తనే దర్శకుడూ కథానాయకుడూ అయి, గీతా బాలి జోడీగా 'అల్‌బేలా' తీశారు. సంగీతం ఆయన పాత మిత్రుడు సి. రామచంద్ర. పాటలు రాసింది రాజేంద్ర కృష్ణ. సినిమా విరగబడి ఆడింది. భగవాన్ దాదా జుహూ బంగళా, కార్లు అన్నీ చూశారు, అన్నీ పోగొట్టుకున్నారు, చివరికి దాదర్ చాల్‌కే తిరిగొచ్చి 2002లో అక్కడే పోయారు. గణపతి ఊరేగింపులు ఆ చాల్ ముందు ఆగేవని, ఆయన కిందికి దిగి నాలుగు అడుగులు వేస్తేనే కదిలేవని దాదర్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక రామచంద్ర. రామచంద్ర నరహర్ చితల్కర్, పుట్టింది 1918లో అహ్మద్‌నగర్ జిల్లా పుణతాంబాలో. మన వాళ్లకు ఆసక్తి కలిగించే విషయం ఏమిటంటే, ఆయన సినిమాల్లోకి వచ్చింది సంగీతం కోసం కాదు, వేషం కోసం. 'నాగానంద్' అనే సినిమాలో ఆయనకు కథానాయకుడి వేషం ఇచ్చినవారు వై.వి. రావు. అవును, మన నెల్లూరు యరగుడిపాటి వరదరావుగారే. 'మళ్ళీ పెళ్ళి', 'విశ్వమోహిని' తీసినాయన, నటి లక్ష్మిగారి నాన్నగారు. వేషాలు ఆయనకు కలిసిరాలేదు. హార్మోనియం కలిసొచ్చింది. సంగీత దర్శకుడిగా రామచంద్ర మొదలుపెట్టింది హిందీలో కాదు, తమిళంలో, భగవాన్ దాదా దర్శకత్వం చేసిన 'జయక్కొడి', 'వనమోహిని' సినిమాలతో. ఒక మరాఠీ హార్మోనియం కుర్రాడు, ఒక మిల్లు కార్మికుడి కొడుకు కలిసి రాని భాషలో సినిమాలు చేసి ముంబైకి తిరిగొచ్చారన్నమాట.

సరే, బ్యాండు ఎవరిది అన్న ప్రశ్నకు వద్దాం. 'అల్‌బేలా' మళ్లీ చూడండి. ఒక పాటలో తెర మీదే ఒక బ్యాండు కనిపిస్తుంది, కుచ్చుల చేతుల చొక్కాలు వేసుకుని. అది నటులను నిలబెట్టి తీసిన ఉత్తుత్తి బ్యాండు కాదు. నిజంగా ముంబై హోటళ్లలో రాత్రిళ్లు జాజ్ వాయించే బ్యాండు. దాని నాయకుడు, ట్రంపెట్ వాయించే ఆయన, పేరు చిక్ చాకొలెట్. అది స్టేజీ పేరు. అసలు పేరు ఆంటోనియో జేవియర్ వాజ్. 1916లో గోవాలోని ఆల్దోనా ఊళ్లో పుట్టారు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పద్ధతిలో వాయించేవారని 'ఇండియా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్' అని బిరుదు. రామచంద్ర పాటల్లో స్వింగ్ ఊపు వెనక ఈయన చెయ్యి ఉంది. 1950 'సమాధి'లో లత, అమీర్‌బాయి కర్ణాటకి కలిసి పాడి దేశాన్ని ఊపేసిన పాటలోనూ, 'అల్‌బేలా'లోనూ ఆయన ముద్ర తెలుస్తూనే ఉంటుంది.

గోవా నుంచి వచ్చిన ఈ వాద్యకారుల కథ చదువుతుంటే మాకు మన కథే చదువుతున్నట్టనిపించింది. 1961 దాకా గోవా పోర్చుగీసు వాళ్లది. అంటే చిక్ చాకొలెట్ ఇంగ్లీషువాళ్ల బొంబాయికి వచ్చినప్పుడు ఇంకో ప్రభువు పౌరుడు. మన కామాఠీ పెద్దలు కూడా నిజాం ఇలాకా నుంచి వచ్చినవాళ్లే కదా. 18వ శతాబ్దం చివరి నుంచి మన వాళ్లు రాళ్లు మోసి, ఇళ్లు, రోడ్లు కట్టి ఒక పేటకు తమ పేరే ఇచ్చారు. గోవా వాళ్లు ధోబీ తలావ్, మజగావ్ చుట్టూ దిగారు. ఊరికొక క్లబ్బు పెట్టుకున్నారు, దాన్ని 'కూడ్' అంటారు. ఒక పెద్ద గది, గోడ పొడుగునా ట్రంకు పెట్టెలు, నేల మీద చాపలు, ఒక మూల దేవుడి పీఠం, సాయంత్రం ప్రార్థన. ఓడల్లో పనిచేసేవాళ్లు, వంటవాళ్లు, వాద్యకారులు నెలకు కొద్ది రుసుము కట్టి ఉండేవారు. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడికి పని దొరికేదాకా అదే దిక్కు. ధోబీ తలావ్‌లో జేర్ మహల్ భవనం ముందు నుంచి వెళ్లినప్పుడు ఒకసారి తలెత్తి చూడండి, అలాంటి క్లబ్బులు ఉన్నది అందులోనే. మన సంఘాలు పుట్టింది కూడా ఇలాంటి గదుల్లోనే కదా. మనకు దేవుడి పటం, భజన. వాళ్లకు శిలువ, జపమాల. చాపలు మాత్రం ఒకటే.

వాళ్ల దగ్గర ఒక విద్య ఉంది, మిగతా వాళ్ల దగ్గర లేనిది. గోవా ఊళ్లలో చర్చి బడి పిల్లలకు ప్రార్థన పాటల కోసం పాశ్చాత్య స్వరలిపి, వయొలిన్ నేర్పేది. అక్షరాలతో పాటే స్వరాలు రాయడం వచ్చేది. పోర్చుగీసు వాళ్లు దేవుడి కోసం నేర్పిన ఆ విద్య చివరికి హిందీ సినిమాకు అన్నం పెట్టింది.

మధ్యలో ఇంకో మజిలీ ఉంది. 1935లో లియోన్ అబీ అనే ఆఫ్రికన్ అమెరికన్ వయొలిన్ విద్వాంసుడు తన జాజ్ బృందంతో ముంబై తాజ్ మహల్ హోటల్‌కు వచ్చారు. ఆయన వెనక క్రికెట్ స్మిత్ అనే ట్రంపెట్ ఆయన, టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే పియానో ఆయన వచ్చారు. వెదర్‌ఫర్డ్ మళ్లీ వెనక్కి పోలేదు, 1945లో కలకత్తాలో కలరాతో పోయారు. సొంత దేశంలో తెల్లవాళ్ల హోటల్లో ముందు తలుపు గుండా పోనివ్వని మనుషులు ఇక్కడ తాజ్‌లో బృంద నాయకులు. గోవా కుర్రాళ్లు వాళ్లను చూసి, వాళ్ల పక్కన వాయించి, రికార్డులు అరిగేదాకా విని స్వింగ్ నేర్చుకున్నారు. ఫ్రాంక్ ఫెర్నాండ్ అనే గోవా ట్రంపెట్ ఆయన వెదర్‌ఫర్డ్ బృందంలోనే వాయించారు.

స్వింగ్ అంటే ఏమిటని మా ఇంట్లోనే అడిగారు, అందుకని కొంచెం చెబుతాము. నాలుగు దెబ్బల తాళమే. బరువు మాత్రం ఒకటి, మూడు మీద కాకుండా రెండు, నాలుగు మీద పడుతుంది. రెండోది, దెబ్బలోని రెండు సగాలు సమానంగా ఉండవు. మొదటి సగం సాగుతుంది, రెండోది చివర్న అంటుకుంటుంది. 'తకిట' అనేటప్పుడు 'తకి' రెంటినీ కలిపి సాగదీసి 'ట' చివర్లో వేస్తే ఎలా ఉంటుందో అలా. ఆ కుంటు నడకలోనే ఊపు ఉంది. దాని మీద ట్రంపెట్లు, శాక్సొఫోన్లు గుంపులు గుంపులుగా ఒకరికొకరు జవాబు చెప్పుకుంటాయి. 'అల్‌బేలా'లో అచ్చంగా స్వింగే ఉందని మేము అనము. బోంగోల దరువు, లాటిన్ అమెరికా నాట్యాల పోకడ కూడా కలిశాయి. హోటల్ బ్యాండ్లు అన్నీ వాయించాలి, అన్నీ వాయించేవి.

మరి హోటల్లో వాయించేవాళ్లు స్టూడియోలకు ఎందుకు వచ్చారు? తెల్లవాళ్లు వెళ్లిపోయారు, నాట్యశాలలు పలచబడ్డాయి. 1949లో బొంబాయి మద్యనిషేధ చట్టం వచ్చింది. గ్లాసు లేని చోట రాత్రి రెండింటి దాకా కూర్చునేదెవరు? సరిగ్గా అప్పుడే సినిమా పాటల్లో వాద్యబృందాలు పెద్దవవుతున్నాయి. పగలు స్టూడియో, రాత్రి హోటల్. అలా బతికారు చాలామంది.

స్టూడియోలో పని ఎలా జరిగేదో చూడండి. సంగీత దర్శకుడు హార్మోనియం ముందు కూర్చుని వరస పాడతాడు. ఎక్కువమందికి పాశ్చాత్య స్వరలిపి రాదు, రావలసిన పని కూడా లేదు, వాళ్ల సరుకు వేరు. గోవా అరేంజరు ఆ వరసను కాగితం మీద పెడతాడు. పల్లవికీ చరణానికీ మధ్య ఏ వాద్యం ఏం పలకాలి, గాయని ఊపిరి తీసుకునే చోట ఏది రావాలి, వయొలిన్లు ఎక్కడ ఆగాలి, ఇవన్నీ విడివిడి కాగితాల మీద రాసి ముప్పై, నలభై మంది ముందు పెడతాడు. మైకులు తక్కువ. గట్టిగా మోగే ట్రంపెట్లు గోడ దగ్గర, మెత్తనివి దగ్గరగా. గాయని కూడా వాళ్లతోనే, అప్పుడే పాడాలి. ఎవరు తప్పినా మళ్లీ మొదటి నుంచి.

'అల్‌బేలా' నాటికి లత వయసు ఇరవై రెండు లోపే. సన్నని గొంతు, హిందుస్తానీ శిక్షణ. చుట్టూ ఇత్తడి వాద్యాలు. ఆ గొంతు మునిగిపోకపోవడం ఆమె గొప్పతనమే, కాదనము. అయితే మేము ఈ నెలల్లో చెవిలో యంత్రాలు పెట్టుకుని పది పదిహేనుసార్లు విన్నాము. ఆమె పాడుతున్నంతసేపూ ట్రంపెట్లు ఊరుకుంటాయి. ఆమె ఆగినప్పుడు లేస్తాయి. ఎవరో కాగితం మీద ఆమెకు చోటు వదిలారు. ఆ చోటే అరేంజరు పని, ఎవరికీ వినబడని పని.

ఇప్పుడు రికార్డు మీది కాగితం చదవండి. గాయకులు లతా మంగేష్కర్, చితల్కర్. సంగీతం సి. రామచంద్ర. చితల్కర్ అన్నా, సి. రామచంద్ర అన్నా ఒక్కరే! గాయకుడిగా ఇంటిపేరు, సంగీత దర్శకుడిగా అసలు పేరు వాడుకునేవారు. ఒక మనిషికి రెండు పేర్లు పట్టిన ఆ కాగితంలో బ్యాండు వాళ్లకు ఒక్క పేరుకూ చోటు దొరకలేదు. సినిమా టైటిళ్లలో ఒక్కోసారి 'సహాయకులు' అని చిన్న అక్షరాల్లో వచ్చేది, అంతే. దీనికి రామచంద్రను తిట్టనవసరం లేదు. అప్పటి రివాజు అది. 'అల్‌బేలా'లో బ్యాండును తెర మీద నిలబెట్టారు, అది కూడా అప్పట్లో తక్కువే.

పేరు పెట్టుకోనివ్వకపోతే మనిషి ఇంకెక్కడో తన గుర్తు వదులుతాడు. 1957లో 'ఆశా' సినిమాకు రామచంద్ర 'ఈనా మీనా డీకా' చేశారు. కిశోర్ కుమార్ ఒకసారి, ఆశా భోంస్లే ఒకసారి పాడారు. ఆశా పాడినది విని చూడండి, సినిమా గాయని స్వింగ్ బ్యాండుతో పందెం వేసుకున్నట్టే ఉంటుంది. మాటలకు అర్థం లేదని మనం అనుకుంటాం. కానీ మధ్యలో, కొంకణిలో 'నాకు వద్దు' అని అర్థం వచ్చే మాటలు రెండున్నాయి. అవి రామచంద్ర సహాయకుడు, గోవా వాడైన జాన్ గోమ్స్ చేర్చినవని చెబుతారు. దేశమంతా పాడింది, కొంకణి అని తెలియకుండానే.

ఇది చదవగానే మాకు దానికి రెండేళ్ల ముందటి పాట గుర్తొచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. 1955, 'శ్రీ 420', 'రామయ్యా వస్తావయ్యా'. శంకర్ జైకిషన్ ద్వయంలో శంకర్ హైదరాబాద్‌లో పెరిగినవారు. తబలా, కుస్తీ, తెలుగు మాట, అన్నీ అక్కడివే. ఆ తెలుగు మాట వరస కోసం నోటికొచ్చిందని, చివరికి తీసేయబుద్ధి కాక ఉంచేశారని కథ. ముంబై స్టూడియోల్లో తయారైన రెండు పాటల్లో, మూడేళ్ల లోపల, వలస వచ్చినవాళ్ల భాషలు రెండు ఇలా దాక్కున్నాయి. మన చిన్నప్పుడు బళ్లో మరాఠీ, హిందీ పిల్లలు ఆ తెలుగు మాటకు అర్థం అడిగితే మనం ఎంత గర్వంగా చెప్పేవాళ్లమో తలుచుకోండి.

శంకర్ జైకిషన్ అరేంజరు కూడా గోవా ఆయనే, సెబాస్టియన్ డిసౌజా. దేశ విభజనకు ముందు లాహోర్ హోటల్లో బ్యాండు నడిపి, అక్కడ అంతా చెదిరిపోయాక ముంబై చేరినవారు. ఆ పాటల్లో వయొలిన్ల అలలు ఆయన కాగితాల్లోంచి లేచినవే.

అయితే ఈ కథలో మాకు నచ్చిన ఘట్టం 1968లో ఉంది. శంకర్ జైకిషన్ ఆ ఏడు సినిమాతో సంబంధం లేకుండా ఒక ఎల్పీ రికార్డు చేశారు. పేరు 'రాగా జాజ్ స్టైల్'. పదకొండు రాగాలు, మాట లేదు, గాయకులు లేరు. ముందు రయీస్ ఖాన్ సితార్. చుట్టూ జాజ్ బృందం. మనోహారి సింగ్ శాక్సొఫోన్, జాన్ పెరీరా ట్రంపెట్, లెస్లీ గొదీన్యో డ్రమ్ములు, లూసిలా పచేకో పియానో, ఇంకా గిటార్లు, బాస్, వేణువు, తబలా. లూసిలా పచేకో సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అంతమంది మగవాళ్ల మధ్య పియానో ముందు కూర్చున్న ఆడమనిషి. సినిమా పాటల్లో ఆమె పియానో మనమంతా విన్నవాళ్లమే, పేరే వినలేదు. ఈ రికార్డుకు ఎవరేం వాయించారో పేర్లతో సహా మనకు తెలుసు. రోజూ వాయించేవాళ్లే, రోజూ వాయించే స్టూడియోలే. తెర లేకపోయేసరికి మనుషులు కనిపించారు.

విననివాళ్లు ఒకసారి వినండి. మాల్‌కౌంస్ మొదలవగానే ఇంట్లో సంగీతం నేర్చుకున్న పెద్దవాళ్లు "హిందోళమే కదా" అంటారు. బైరాగి మన రేవతి. కళావతి మన వలజి. రాగం అడ్డంగా నడుస్తుంటే కింద బాస్ గిటారు తన దారిన తను నడుస్తుంటుంది. అన్నిచోట్లా అతుకు కుదిరిందని అనలేము, ఒకటి రెండు ముక్కలు మాకు హోటల్ సంగీతంలాగే అనిపించాయి. శివరంజని మాత్రం అద్భుతం. సినిమాల్లో శివరంజని అంటే శంకర్ జైకిషన్ అనిపించుకున్నవాళ్లు కదా మరి. వీళ్లే మూడేళ్ల తర్వాత, 1971లో, ఎన్టీఆర్, వాణిశ్రీల 'జీవితచక్రం'కు సంగీతం చేశారు. హైదరాబాద్ నుంచి ముంబై వచ్చిన శంకర్ అలా తెలుగుకు ఒకసారి తిరిగి వెళ్లారు. జైకిషన్ ఆ ఏడే పోయారు.

గోవా వాళ్లలో తన పేరు అందరి నోటా పలికించుకున్నవారు ఒక్కరే, అదీ విచిత్రంగా. మజోర్దా ఊరి ఆంథొనీ గొన్సాల్వెస్ స్టూడియోల్లో వయొలిన్ వాయించి, అరేంజ్‌మెంట్లు రాసి, కుర్రాళ్లకు పాఠాలు చెప్పారు. 1958లో గోవా వాద్యకారులతో పెద్ద సింఫనీ బృందం కట్టి లతా, మన్నా డేలను గాయకులుగా నిలబెట్టి కచేరీ చేశారు. తర్వాత ఇవన్నీ వదిలి అమెరికా వెళ్లిపోయారు. ఆయన దగ్గర వయొలిన్ నేర్చుకున్న ప్యారేలాల్ 1977లో 'అమర్ అక్బర్ ఆంథొనీ' పాటలో గురువుగారి పూర్తి పేరు పెట్టించారు. అమితాబ్ గుడ్డులోంచి బయటికొచ్చి చెప్పే పేరు అది. పాడుకున్న కోట్లమందిలో అలాంటి మనిషి నిజంగా ఉన్నాడని తెలిసినవారెందరు? మాకైతే తెలియదు.

ఇంకోవైపు అదే ముంబైలో క్రిస్ పెరీ అనే ట్రంపెట్ ఆయన, లోర్నా అనే గాయని కలిసి జాజ్ ఊపులో కొంకణి రికార్డులు చేశారు. సొంత భాషలో పాడారు కాబట్టి గోవా ఇంటింటా వాళ్లిద్దరి పేర్లూ తెలుసు. 2014లో ఆ పాటలతోనే 'నాచుయా కుంపాసార్' అనే కొంకణి సినిమా వచ్చింది. మేము ఉపశీర్షికలతో చూశాము, కొంకణి రాకపోయినా ఏడుపొచ్చింది.

చిక్ చాకొలెట్ 1967లో, యాభై ఒక్క ఏళ్ల లోపే పోయారు. 'అల్‌బేలా' పాటలు గణపతి ముందు ఇంకా యాభై ఏళ్లు మోగుతాయని ఆయనకు తెలిసే అవకాశమే లేదు. రామచంద్ర 1982 జనవరిలో పోయారు. అంతకు కొద్దిగా ముందు, 1970ల చివర్లో, ఎన్టీఆర్ స్వయంగా దర్శకత్వం చేసిన 'అక్బర్ సలీం అనార్కలి'కి సంగీతం ఆయనదే. సలీం వేసిన బాలకృష్ణకు రఫీ పాడారు. నెల్లూరాయన ఇచ్చిన వేషంతో మొదలైన మనిషి చివర్లో నిమ్మకూరాయన సినిమా చేశారు. ఇది ఎక్కడా ఎవరూ కలిపి చెప్పినట్టు మేము చూడలేదు, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాము.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన సంఘం ప్రత్యేక సంచిక పని మా మీద పడింది. పాత ఫొటోల పెట్టె తెరిచాము. ప్రతి ఫొటో వెనకా పేర్లున్నాయి. అధ్యక్షులు, కార్యదర్శి, దాతలు, ముఖ్య అతిథి. నాటకం ఫొటోల్లో కృష్ణుడు ఎవరో, దుర్యోధనుడు ఎవరో రాసి ఉంది. ఆడవాళ్ల వేషాలు కట్టిన మగవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. హార్మోనియం ముందు కూర్చున్నవారి పేరు మాత్రం పద్దెనిమిది ఫొటోల్లో ఒక్కదాని మీద కూడా లేదు. మిల్లులో పగటి పాళీ చేసి, రాత్రి తెల్లవార్లూ పద్యాలకు శ్రుతి పట్టిన మనిషి ఆయన. తబలా ఆయన పేరు లేదు. తెరలు కట్టినవారి పేరు లేదు. రాసినవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు, అందులో ఒకరు మా నాన్నగారే.

ఒక ఫొటో కింద పెడుతున్నాము. వర్లీ బీడీడీ చాళ్ల మైదానంలో తీసినది, పందిరి గుంజకు ఉగాది మామిడాకులు కనిపిస్తాయి. వెనక వరసలో ఎడమ నుంచి మూడో ఆయన, తెల్ల చొక్కా, నల్ల టోపీ, చేతిలో క్లారినెట్. ఆయన పక్కన హార్మోనియం మీద చెయ్యి పెట్టుకుని తల వంచుకున్న ఆయన, ముఖం సగమే పడింది. వీళ్లు ఎవరింటి తాతలో మీ ఇళ్లలో పెద్దవాళ్లకు చూపించి అడగండి. సంచిక అచ్చుకు వెళ్లడానికి ఇంకా ఆరు వారాలు టైముంది.